రామగిరి కొండల కథ: పసిడి, గాలి, గడ్డి

వాన మొహం చాటేసే నేల. కిందికి తవ్వితే బంగారం, పైకి చూస్తే గాలిమరలు. వందేళ్లుగా ఎవరెవరో వచ్చి ఈ కొండల్లోంచి ఏదో ఒకటి పట్టుకుపోయారు. కొండకే తిరిగి ఏదైనా ఇద్దామని అనుకున్నవాళ్లు మాత్రం చాలా తక్కువమంది. ఆ కొద్దిమంది ఇచ్చింది గడ్డి! కంబదూరు నుంచి రామగిరి మీదుగా కల్పవల్లి దాకా సాగే ఈ ప్రయాణంలో అసలు సంపద ఏమిటో అడుగడుగునా తెలుస్తుంది.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం నుంచి దక్షిణంగా సుమారు ఇరవై కిలోమీటర్లు వెళితే కంబదూరు వస్తుంది. దారి పొడవునా ఎర్ర నేలలు. మధ్యమధ్యలో ఏనుగులు పడుకున్నట్టు నల్లటి బండరాళ్ల గుట్టలు. జూన్, జులైల్లో వెళితే శెనక్కాయ విత్తనం వేసి ఆకాశంకేసి చూస్తున్న రైతులు కనిపిస్తారు. వేసవిలో అయితే ఆ చూసేవాళ్లు కూడా కనిపించరు. సగం ఊరు బెంగళూరు బస్సెక్కి ఉంటుంది.

అలాంటి చోట వెయ్యేళ్ల కిందటి రాతిగుడి ఎదురైతే ఆశ్చర్యమే కదా! కంబదూరు మల్లికార్జునస్వామి ఆలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు నొళంబుల ఏలుబడి. ఇప్పటి అమరాపురం మండలంలోని హేమావతి (శాసనాల్లో హెంజేరు) వాళ్ల రాజధాని. నల్లరాతిని వెన్నముద్దలా చెక్కడం నొళంబ శిల్పుల ప్రత్యేకత. ఆ పనితనం ఎంత గొప్పదంటే, దండెత్తి వచ్చిన చోళులు హేమావతి స్తంభాలను తంజావూరు ప్రాంతానికి తరలించుకుపోయారు. నొళంబుల తర్వాత చాళుక్యులు, నిడుగల్లు చోళులు, విజయనగర రాజులు, ఆ తర్వాత పాళెగాళ్లు... ఎందరో వచ్చారు, వెళ్లారు. ఇంత కరవునేల మీద ఇన్ని రాజ్యాలు ఎలా బతికాయన్న ప్రశ్నకు జవాబు కావాలంటే కంబదూరు నుంచి తూర్పుకు తిరగాలి. పెన్నా దాటాలి. ఆవల లేచి నిలబడిన కొండల వరస చూడాలి. ఆ వరస ఒళ్లోనే ఉంటుంది రామగిరి.

నీళ్లు లేని నది

దారిలో ముందు పలకరించేది పెన్నా. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన ఈ నది హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వచ్చి, మళ్లీ పావగడ తాలూకాలోకి వెళ్లి, నాగలమడక దాటాక పేరూరు దగ్గర తిరిగి మన నేల మీద అడుగుపెడుతుంది. మొత్తం 597 కిలోమీటర్ల ప్రయాణం. నెల్లూరు దగ్గర నిండుగా కనిపించే పెన్నమ్మ ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం వట్టి ఇసుకే.

ఆ ఇసుక కింద మాత్రం నీళ్లుండేవి. పాతకాలం రైతులు ఏటిలో కాలువ తవ్వి, ఇసుకలో ఊరే నీటిని గట్టు మీది పొలాలకు మళ్లించేవారు. వీటినే ఊటకాలువలంటారు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఏటా పూడిక తీసుకోవడానికి ఊరంతా కలిసి పారలు పట్టుకుంటే చాలు. బోర్లు వచ్చాయి. ఇసుక లారీలెక్కింది. ఊట అడుగంటింది. ఊటకాలువ అనే మాట కూడా పెద్దల నోళ్లలోనే మిగిలింది.

పేరూరు దగ్గర పెన్నాకు అడ్డంగా 1950ల్లో ఆనకట్ట కట్టారు. పేరు అప్పర్ పెన్నార్ ప్రాజెక్టు. నిల్వ సామర్థ్యం 1.81 టీఎంసీలు, లక్ష్యం సుమారు పదివేల ఎకరాల ఆయకట్టు. కానీ పైన కర్ణాటకలో చెరువులూ చెక్‌డ్యాములూ పెరిగేకొద్దీ కిందికి వచ్చే నీరు తగ్గిపోయింది. డ్యామ్ ఉంది, కాలువలున్నాయి, నీళ్లే లేవు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయిన ఆ జలాశయం 2022 వానలకు పెన్నా పొంగడంతో నిండింది. గేట్లెత్తారని తెలియగానే చుట్టుపక్కల ఊళ్ల జనం తిరునాళ్లకు వెళ్లినట్టు డ్యామ్ చూడటానికి వెళ్లారు. నది పారడం కూడా ఒక వింతే ఇక్కడ! శ్రీశైలం వెనక జలాల నుంచి హంద్రీ-నీవా ద్వారా వచ్చే కృష్ణా నీటిని పేరూరుకు మళ్లించాలన్న ప్రతిపాదన మాత్రం చాలా ఏళ్లుగా రాజకీయాల్లో నలుగుతూనే ఉంది.

పేరూరు అవతల, సరిహద్దు దాటగానే మరో దృశ్యం. పావగడ తాలూకా తిరుమణి చుట్టుపక్కల పదమూడు వేల ఎకరాల్లో సౌర పలకలు నల్లటి చెరువులా పరుచుకుని ఉంటాయి. సామర్థ్యం 2,050 మెగావాట్లు. అక్కడి రైతులు భూములు అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. ఊళ్లు కర్ణాటకవే అయినా ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా తెలుగే. పంటలను మాడ్చే ఎండే ఇప్పుడు అక్కడ పంట!

కొండ కడుపులో పుత్తడి

పేరూరు నుంచి తూర్పుగా సాగితే నేల మెల్లగా లేస్తుంది. గుండ్రటి నల్లబండల గుట్టలు వెనకబడి, కోసుగా, పొడవుగా సాగే కొండల వరస మొదలవుతుంది. రాయి రంగూ మారుతుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న పలకరాళ్లు, మధ్యలో తెల్లటి పలుగురాయి చారలు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని రామగిరి శిస్టు పట్టీ అంటారు. 250 నుంచి 270 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన రాళ్లివి. కర్ణాటకలోని కోలారు, హట్టి పసిడి గనులున్నదీ ఇలాంటి పట్టీల్లోనే. అడుగున వేడి నీళ్లలో కరిగిన బంగారం రాతి పగుళ్లలోకి ఎక్కి, పలుగురాయితోపాటు అక్కడే గడ్డకట్టింది.

ఆ సంగతి తెల్లదొరలకన్నా ముందే ఇక్కడివాళ్లకు తెలుసు. బ్రిటిష్ కంపెనీలు వచ్చి చూసేసరికి కొండ వాలుల్లో పూర్వులు తవ్విన పాత గుంతలు కనిపించాయి. ఆ గుంతలే దారి చూపాయి. 20వ శతాబ్దం మొదటి దశకంలో అనంతపురం గోల్డ్ ఫీల్డ్ పేరుతో తవ్వకాలు మొదలయ్యాయి. కోలారులో చక్రం తిప్పిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీయే ఇక్కడా రంగంలోకి దిగింది. కరవు జిల్లాలో ఒక మూలనున్న పల్లెకు యంత్రాలు వచ్చాయి, పొగగొట్టాలు లేచాయి. 1927 నాటికి ఆ సందడి ముగిసింది.

మళ్లీ యాభై ఏళ్లకు పైగా నిశ్శబ్దం. తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ యప్పమాన గనితో రెండో అధ్యాయం ప్రారంభించింది. టన్నులకొద్దీ రాయిని పొడిచేస్తే దక్కేది గ్రాముల్లో బంగారం. అయినా ఆ గ్రాముల చుట్టూ కొన్ని వందల కుటుంబాల బతుకు అల్లుకుంది. నెల జీతం అనే మాట ఈ పల్లెల్లో చాలామంది మొదటిసారి విన్నది గనివల్లే. వాన పడినా పడకపోయినా ఒకటో తారీఖున చేతికొచ్చే డబ్బు! రైతు ఇంట్లో అది ఎంత పెద్ద ధీమానో రాయలసీమ మనిషికి వేరే చెప్పాలా?

ఆ ధీమా 2001లో పోయింది. నష్టాలొస్తున్నాయంటూ ఆ ఏడాది కోలారుతోపాటు ఇక్కడి గనికీ తాళం పడింది. క్వార్టర్లు వెలవెలబోయాయి. కొందరు బెంగళూరు దారి పట్టారు, కొందరు మళ్లీ శెనక్కాయ చేలకే వచ్చారు. బంగారం ధర ఆకాశాన్నంటుతున్న ఈ రోజుల్లో రామగిరి, రొద్దం ప్రాంతాల నిక్షేపాలను వేలం వేసే ప్రయత్నాలు మళ్లీ మొదలయ్యాయి. ఊరి పెద్దలు మాత్రం ఆ వార్తల్ని పేపర్లో చదివి మడిచి పక్కన పెడతారు. కొండ రెండుసార్లు తెరుచుకోవడం, రెండుసార్లు మూసుకోవడం వాళ్ల కుటుంబాలు చూసినవే.

వాన రాని గాలి

రామగిరి కొండ అంచున నిలబడితే చెవుల్లో హోరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి నుంచి వీచే గాలికి మనిషి నిలబడటం కష్టం. ఇవి నైరుతి రుతుపవనాలే. అరేబియా సముద్రం నుంచి నీళ్లు మోసుకొచ్చిన మేఘాలు పడమటి కనుమలకు తగిలి మంగళూరు, ఉడుపి వైపే కుమ్మరించేస్తాయి. కనుమలు దాటి ఇటు వచ్చేసరికి మిగిలేది ఉత్త గాలి. ఈశాన్య రుతుపవనాలా... అవి తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. అందుకే ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అంత పొడి జిల్లా ఇదేనని చెప్పుకోవడం పరిపాటి. అది కూడా సమయానికి పడితే సంతోషమే. ముంగారు వాన రెండు వారాలు ఆలస్యమైతే విత్తనం పోయినట్టే. ఊడలు దిగే సమయానికి ముఖం చాటేస్తే కాయ పోయినట్టే.

వానను మోసుకురాని ఆ గాలే మరో రకంగా అక్కరకొచ్చింది. రాష్ట్రంలో గాలిమరల విద్యుత్తుకు తొలినాళ్లలో ఎంచుకున్న చోట్లలో రామగిరి ఒకటి. 1990ల మధ్య నుంచి ఇక్కడి కొండల మీద మరలు తిరుగుతున్నాయి. మొదట్లో ఎద్దుల బండ్లు ఆపి మరీ చూసేవాళ్లు జనం. ‘ఆ రెక్కలు మబ్బుల్ని చెదరగొడుతున్నాయి, అందుకే వానల్లేవు’ అన్న అనుమానమూ పల్లెల్లో బలంగా ఉండేది. దానికి శాస్త్రం ఒప్పుకోదు. వానలు రాకపోవడానికి కారణం పడమటి కనుమలే తప్ప గాలిమరలు కావు. కానీ ఆ అనుమానం వెనకున్న బాధను కాదనలేం. తమ కొండ మీద తిరిగే రెక్కలు ఎక్కడో పట్నానికి వెలుగిస్తుంటే, తమ చేలు ఎండిపోతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

బయటివాళ్లకు రామగిరి అంటే ఒకప్పటి ఫ్యాక్షన్ కథలే గుర్తొస్తాయి. సినిమాలూ ఆ కథలనే పదేపదే చూపించాయి. ఊళ్లోకి వెళ్లినవాళ్లకు కనిపించేది మాత్రం వేరే. మట్టి మిద్దెలు, బండల అరుగులు, కొత్తగా లేచిన డాబాలు. రచ్చకట్ట మీద పులిమేక ఆడుకునే పెద్దలు. వేడివేడి రాగిసంగటి ముద్దలోకి ఊరిబిండి. పొద్దున్నే టీకొట్టు దగ్గర ఉగ్గాని, బజ్జి. కన్నడ పలుకులు కలగలిసిన తెలుగు. ‘భోంచేసి పో అన్నా’ అని ముక్కూమొహం తెలియనివాణ్నీ పిలిచే మనుషులు.

గడ్డి కొండ

రామగిరి నుంచి ఇంకా తూర్పుకు, చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల వైపు సాగితే కొండల రంగు మారుతుంది. నల్లగా, బోడిగా ఉండాల్సినవి లేత పసుపు రంగులో మెరుస్తుంటాయి. దగ్గరికెళితే నడుమెత్తు గడ్డి గాలికి అలలు అలలుగా ఊగుతుంటుంది. ఇదే కల్పవల్లి.

ముప్పై ఏళ్ల కిందట ఇక్కడ గడ్డిపోచ లేదు. కట్టెల కోసం చెట్లు నరికేశారు. ఏటా వేసవిలో ఎవరో ఒకరు నిప్పు పెట్టేవారు. పట్టి ఉంచే వేరు లేక కొండ మీది మట్టి వాన పడ్డప్పుడల్లా జారి చెరువుల్లో పూడిక పేరుకునేది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఈ కొండల్ని కదిలించింది. ముష్టికోవెల గ్రామస్థులు చెరువు బాగుచేసుకుందామని వచ్చినప్పుడు తేలిన విషయం ఒక్కటే. చెరువు బాగుపడాలంటే ముందు కొండ బాగుపడాలి!

అందుకు వాళ్లు చేసింది పెద్ద ఇంజినీరింగేమీ కాదు. నిప్పు పడకుండా చూశారు. ఎండాకాలం రాకముందే గడ్డిని చారలుగా కోసి అగ్గి దాటకుండా అడ్డుగీతలు గీశారు. కాపలాకు మనుషుల్ని పెట్టుకున్నారు. వాలుల్లో విత్తనాలు చల్లారు, ఈత మొక్కలు నాటారు. గొర్రెలు ఎప్పుడు ఎటు మేయాలో కాపర్లతో కూర్చుని మాట్లాడుకున్నారు. మిగిలిన పని కొండే చేసుకుంది. భూమిలో దాగిన పాత వేళ్లు చిగిర్చాయి. చుట్టుపక్కల ఊళ్లు చేతులు కలిపి ఇలా కాపాడుకున్న నేల ఏడు వేల ఎకరాలకు పైమాటే.

గడ్డి పెరిగితే ఏమవుతుంది? వాన చినుకు నేలను నేరుగా కొట్టదు. ఆకు మీద పడి, కాడ మీదుగా జారి, వేరు వెంట లోపలికి దిగుతుంది. గంటలో పారిపోయే నీరు వారాల తరబడి వాగులో ఊరుతుంది. చెరువులోకి మట్టి రాదు, తేట నీరు వస్తుంది. కింద బావిలో నీటిమట్టం నిలుస్తుంది. మన పూర్వీకులకు ఇది కొత్త సంగతి కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని చెబుతూ, చెరువును ఆనుకుని కొండ ఉండటాన్ని వాటిలో ఒకటిగా లెక్కపెట్టింది. కొండ, వాగు, చెరువు, చేను... ఒకే దండలోని పూసలు. నొళంబుల నుంచి విజయనగరం దాకా ఈ నేల మీద రాజ్యాలు నిలబడిన రహస్యం ఈ దండే. ఒక పూస తెగితే మిగిలినవన్నీ రాలతాయి.

కల్పవల్లి ఇప్పుడు ఎందరికో ఆధారం. బోద గడ్డి కోసి కొట్టాలు కప్పుకుంటారు. ఈతాకులతో చాపలు, చీపుళ్లు అల్లి అమ్ముకుంటారు. మందలకు మేత. తోడేళ్లు, కృష్ణజింకలు, ఎలుగుబంట్లు మళ్లీ వచ్చాయి. ‘తోడేలొస్తే గొర్రెలు పోవా’ అని అడిగితే, ‘గడ్డి లేకుంటే గొర్రెలే ఉండవు కదా’ అనేది ఇక్కడి కాపర్ల లెక్క. కొండ కింది పొలాల్లో కొర్రలు, సామలు, ఆరికలు మళ్లీ కనిపిస్తున్నాయి. ఒక్క శెనక్కాయనే నమ్ముకుని అప్పులపాలైన నేలలో చిరుధాన్యాలు పండించే రైతుల సహకార సంఘం ‘ధరణి’ కూడా ఈ చెట్టు కొమ్మే.

కొండ ఎవరిది?

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. 2010 తర్వాత కల్పవల్లిని ఆనుకున్న నల్లకొండ మీదికీ గాలిమరలు వచ్చాయి. మరను పైకి చేర్చాలంటే భారీ ట్రెయిలర్లు ఎక్కాలి. ట్రెయిలర్లు ఎక్కాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. కొండ నెత్తిన రోడ్లు తొలిచారు. తవ్విన మట్టీ రాళ్లూ వాలుల్లోకి జారాయి. ఇరవై ఏళ్లు కష్టపడి పెంచుకున్న గడ్డి చాలాచోట్ల వాటి కింద నలిగింది. వాగులు పూడాయి. గాలిమరలకు పర్యావరణ ప్రభావ అంచనా అక్కర్లేదన్నది నిబంధన. రెవెన్యూ రికార్డుల్లో ఈ కొండలు ‘బంజరు’. గొర్రెలు మేసే, గడ్డి కోసే, నీళ్లు ఊరే నేలకు కాగితం మీద ఆ ఒక్క మాటే! వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

గాలి కరెంటు అక్కర్లేదని ఈ ఊళ్లవాళ్లు అనడం లేదు. బొగ్గు కన్నా గాలి మేలే. వాళ్లు అడిగేది ఒక్కటే... రోడ్డు ఎక్కడ వెయ్యాలో, మట్టి ఎక్కడ పొయ్యాలో, వాగును ఎలా కాపాడాలో ముందు తమను అడగమని. గనుల కాలంలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. గని మూతపడితే ఊరికి మిగిలింది పాడుబడిన గోడలే. గాలిమరలకూ ఒక ఆయుష్షు ఉంటుంది. పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో అవీ దిగుతాయి. ఆనాటికి కొండ మీద గడ్డి ఉంటుందా అన్నదే అసలు సంగతి.

సాయంత్రం ఐదు దాటాక కల్పవల్లి వాలుల మీద ఎండ పలచబడుతుంది. గొంగడి భుజాన వేసుకున్న కాపర్లు మందల్ని దించుతుంటారు. పడమట రామగిరి వరస మీద గాలిమరలు నల్లటి గీతల్లా తిరుగుతుంటాయి. వాటి అడుగున ఎక్కడో పలుగురాళ్లలో బంగారం నిద్రపోతుంటుంది. మధ్యలో, మోకాలెత్తు పసుపు గడ్డి వేళ్లలో, మొన్నటి వాన నీరు ఇంకా దిగుతూనే ఉంటుంది. కింద చెరువుకు చేరాల్సింది అదే.

ఎలా వెళ్లాలి?

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత కంబదూరు అనంతపురం జిల్లాలోనే ఉంది. రామగిరి, చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాలు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి.

హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి (ఎన్‌హెచ్ 44) మీద ఎన్.ఎస్.గేటు దగ్గర దిగితే పడమర వైపు రామగిరికి వెళ్లవచ్చు. రైల్లో వచ్చేవాళ్లకు ధర్మవరం జంక్షన్, పెనుకొండ అనుకూలం. కంబదూరుకు కళ్యాణదుర్గం నుంచి బస్సులున్నాయి.

కొండలు పచ్చగా కనిపించాలంటే సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్లాలి. పాత గని గుంతల దగ్గరికి పిల్లల్ని పంపకండి. గడ్డి ఎండిన నెలల్లో అగ్గిపుల్ల, బీడీ, సిగరెట్ కొండ కిందే వదిలిపెట్టండి. ఒక్క నిప్పురవ్వ చాలు, ముప్పై ఏళ్ల కష్టం బూడిదవడానికి.